వంద రూపాయలతో బందరులో ఒక రోజు

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన పెద్దలు ఊరికే అనలేదు. పత్రికల్లో జెనీవా గురించో, జూరిచ్ గురించో చదివినప్పుడు మనం నోరు తెరిచి చూస్తాం. సరస్సు ఒడ్డున పాత ఇళ్లు, రాళ్లు పరిచిన వీధులు, చర్చి గోపురాలు చూసి, అక్కడికి వెళ్లాలంటే ఎంత డబ్బు కావాలో అనుకుంటాం. అయితే అక్కడికి వచ్చే విద్యార్థులందరూ డబ్బున్నవాళ్లేమీ కారు. సంచిలో రొట్టె, సీసాలో నీళ్లు పెట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడిచి ఊరు చూసేవాళ్లు ఎందరో ఉంటారు. ఒక్క జూరిచ్ నగరంలోనే తాగడానికి పనికొచ్చే నీటి ఫౌంటెన్లు 1,200కు పైగా ఉన్నాయి. అంటే ఊరు చూడటానికి ముఖ్యంగా కావలసింది కాళ్లు, కళ్లు, ఆ ఊరి గురించి ముందుగా చదువుకున్న నాలుగు ముక్కలు.

మిత్రులారా! అలాంటి ఊరు మనకు రైలు దూరంలోనే ఉంది. ఒకప్పుడు డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు ఓడలెక్కి నెలల తరబడి ప్రయాణం చేసి వెతుక్కుంటూ వచ్చిన ఊరది. మనం మాత్రం సర్టిఫికెట్ కోసమో, కలెక్టరాఫీసులో పని ఉంటేనో తప్ప అటు వెళ్లం. మా వసతి గృహం నుంచి మేము తొమ్మిది మందిమి, ట్యూటర్ మాస్టారితో కలిసి, మనిషికి వంద రూపాయల చొప్పున పెట్టుకుని మచిలీపట్నం చూసి వచ్చాం. ఈసారి వెళ్లే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఉపయోగపడాలని ఆ వివరాలు ఇక్కడ రాస్తున్నాం.

బయల్దేరే ముందు

వార్డెన్ గారి అనుమతి, వెంట ఒక పెద్దవారు తప్పనిసరి. ఆ తరువాత కావలసినవి తక్కువే. నీళ్ల సీసా, మధ్యాహ్నానికి పులిహోర పొట్లం, తలకు టోపీ లేదా తువ్వాలు, ఒక నోటుపుస్తకం, పెన్ను. గుర్తింపు కార్డు మరిచిపోకూడదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడపిల్లలకు ప్రయాణం ఉచితం. దానికి కూడా కార్డు చూపించాలి.

వెళ్లే ముందు రోజు రాత్రి అందరూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో ప్రశ్న రాసుకోండి. మేము రాసుకున్న వాటిలో మూడు ఇవి. ఇంత దూరం నుంచి పరదేశీయులు ఇక్కడికే ఎందుకు వచ్చారు? వచ్చినవాళ్లు ఏమయ్యారు? అంత పెద్ద రేవు ఇంత చిన్న ఊరు ఎలా అయింది? ప్రశ్న లేకుండా వెళితే పాత గోడ పాత గోడలాగానే కనిపిస్తుంది.

గుడివాడ నుంచి బందరుకు రైలు దారి దాదాపు 37 కిలోమీటర్లు. ప్యాసింజర్ బండికి టికెట్టు పది రూపాయలే. నూజెళ్ల, గుడ్లవల్లేరు, కవుతరం, వడ్లమన్నాడు, పెడన, చిలకలపూడి దాటితే మచిలీపట్నం. అక్కడితో పట్టాలు అయిపోతాయి. బండి వేళలు మారుతూ ఉంటాయి కాబట్టి ముందు రోజే స్టేషన్లో కనుక్కోవాలి. గుడివాడలో 2024 ఆగస్టు 15న తిరిగి తెరిచిన అన్న క్యాంటీన్ ఉంది. అక్కడ ఐదు రూపాయలకు టిఫిన్ అయిపోతుంది.

మొదటి మజిలీ పెడన

నేరుగా బందరులో దిగకుండా ముందు పెడనలో దిగమని మా సలహా. పరదేశీయులు ఎందుకు వచ్చారన్న మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది. వారు వచ్చింది ముఖ్యంగా బట్ట కోసం.

పెడనలో కలంకారీ అద్దకం ఇప్పటికీ సాగుతోంది. శ్రీకాళహస్తిలో కలంతో చేతిగీత గీస్తారు. ఇక్కడ టేకు చెక్కతో చెక్కిన అచ్చులతో అద్దుతారు. మేము వెళ్లిన షెడ్డులో ఒక పెద్దాయన పని ఆపకుండానే అంతా వివరంగా చెప్పారు. ముందు బట్టను బాగా ఉతికి గంజి పోగొట్టాలి. తరువాత కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాలి. కరక్కాయ రంగును పట్టి ఉంచుతుంది, పాలు రంగు పాకిపోకుండా చూస్తాయి. నలుపు రంగుకు పాత ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. ఎరుపు కావలసిన చోట ముందుగా పటిక నీళ్లతో అద్దుతారు. ఆ తరువాత రంగు వేసిన నీళ్లలో బట్టను ఉడకబెడితే పటిక అద్దిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. మనం రసాయన శాస్త్రంలో చదువుకునే పాఠం అక్కడ కాగే డేగిసాలో కనిపిస్తుంది.

“ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు బాబూ. నాలుగు రంగులుంటే నాలుగుసార్లు అద్దాలి. ఒక్కసారి వెంట్రుకవాసి పక్కకు జరిగిందా, బట్టంతా పోయినట్టే” అన్నారాయన. మాలో ఒకడు “ఎన్నాళ్లకు వచ్చిందండీ ఈ పని?” అని అడిగాడు. “నీ వయసుకే అచ్చు పట్టాను. చెయ్యి కుదరడానికి పదేళ్లు పట్టింది” అన్నారు.

పూర్వం ఎరుపుకు చిరివేరు వాడేవారు. ఈ తీరపు ఇసుకనేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు అది. మేలైన చిరివేరు, నేర్పున్న చేతులు, బట్ట ఉతకడానికి పారే నీళ్లు ఒక్కచోట కుదిరాయి కనుకనే ఈ ప్రాంతపు బట్టకు అంత పేరు వచ్చింది. పేరు వచ్చింది నిన్నా మొన్నా కాదు. దాదాపు రెండు వేల ఏళ్ల క్రితం ఒక గ్రీకు నావికుడు రాసిన ‘పెరిప్లస్’ అనే గ్రంథంలో మసాలియా అనే ప్రాంతంలో సన్నబట్టలు విస్తారంగా తయారవుతాయని ఉంది. ఆ మసాలియా మన కృష్ణా తీరమేనని చరిత్రకారులు గుర్తించారు.

ఇక్కడొక విచిత్రం చెప్పాలి. నెదర్లాండ్స్ దేశంలో హిండెలోపెన్ అని ఒక చిన్న పట్టణం ఉంది. 1932లో సముద్రానికి అడ్డంగా పెద్ద కట్ట కట్టడంతో అది సరస్సు ఒడ్డు ఊరయింది. ఆ ఊరి ఆడవారి సంప్రదాయ దుస్తుల్లో వెంట్కె అనే పొడవాటి కోటు ఒకటి. డచ్చి ఓడలు మోసుకెళ్లిన భారతదేశపు పూల అద్దకం బట్టతో దాన్ని కుట్టుకునేవారు. ఆ బట్ట మన కోరమాండల్ తీరం నుంచే పోయింది. అలాంటి కోట్లు ఇప్పుడు ఆ ఊరి మ్యూజియంలో ఉన్నాయి. యూరప్‌లో సరస్సు ఒడ్డు ఊరు చూడటానికి వెళ్లినవారు అద్దాల బీరువాలో మన తీరపు అద్దకాన్ని చూసి వస్తున్నారన్నమాట. అది అద్దే చోటు మనకు పది రూపాయల దూరం.

పేటల పేర్లలో చరిత్ర

పెడన నుంచి బందరు పది కిలోమీటర్లు. రైలుకైనా, బస్సుకైనా ఎక్కవచ్చు. కోనేరు సెంటరు ఊరికి నడిబొడ్డు. అక్కడి నుంచి నడక మొదలుపెట్టండి. దారి అడగడానికి సిగ్గుపడవద్దు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది.

బందరు అనే మాటకు పారశీకంలో రేవు అని అర్థం. గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఇది వారి ప్రధాన రేవు. ఇక్కడి పేటల పేర్లు వింటేనే సగం చరిత్ర తెలుస్తుంది. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట. వలందులంటే హాలండువారు, అంటే డచ్చివారు. పరాసులంటే ఫ్రెంచివారు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో ఇక్కడ అడుగుపెట్టి వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. తూర్పు తీరంలో ఇంగ్లీషువారికి ఇదే మొదటి స్థావరం. మద్రాసు, కలకత్తా వారి చేతికి రాక ముందే బందరులో వారి గిడ్డంగులున్నాయి.

1652లో ఇక్కడికి వచ్చిన టావెర్నియర్ అనే ఫ్రెంచి వర్తకుడు ఈ రేవు గురించి రాశాడు. పెగూ, అరకాన్, సయాం, మక్కా, హోర్ముజ్ దాకా ఇక్కడి నుంచి ఓడలు వెళ్లేవట. ఇప్పటి పేర్లలో చెప్పాలంటే బర్మా, థాయిలాండ్, అరేబియా, ఇరాన్.

ఆ పేటల్లో ఇప్పుడు మనలాంటి వాళ్ల ఇళ్లే ఉన్నాయి. పంపు దగ్గర బిందెలు, అరుగుల మీద తాతలు. వీధి పేరు రాసిన బోర్డు దగ్గర నిలబడి ఆ పేరు ఎలా వచ్చిందో ఒకరికొకరు చెప్పుకోండి. ఇందుకు టికెట్టు అక్కరలేదు.

డచ్చివారి సమాధులు

వచ్చినవాళ్లు ఏమయ్యారన్న రెండో ప్రశ్నకు జవాబు డచ్చి శ్మశానవాటికలో ఉంది. ఇది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. గేటు వేసి ఉంటే అక్కడివారిని మర్యాదగా అడగాలి. నల్లరాతి పలకల మీద వారి వంశ చిహ్నాలు, డచ్చి అక్షరాలు ఉబ్బెత్తుగా చెక్కి ఉన్నాయి. పలకల మీద 1600ల నాటి సంవత్సరాలు కనిపిస్తాయి. మూడు వందల ఏళ్లకు పైగా ఎండకు, వానకు, ఉప్పుగాలికి నిలిచిన చెక్కడం అది. భాష తెలియకపోయినా అంకెలు చదవవచ్చు. పుట్టిన ఏడు, పోయిన ఏడు రెండూ ఉన్న చోట తీసివేత చేసి చూడండి. ఇల్లు వదిలి డబ్బు కోసం వచ్చి తిరిగి వెళ్లనివారు వీరు. రాళ్ల మీద కూర్చోవడం, పేర్లు గీకడం చేయకూడదు. అవి ఎవరివైనా సమాధులే.

ఇక్కడ మా ట్యూటర్ మాస్టారు ఒక మాట అడిగారు. “వర్తకుల పేర్లు రాతి మీద ఉన్నాయి. మరి ఆ బట్ట నేసినవాళ్ల పేర్లు, అద్దినవాళ్ల పేర్లు, మూటలు మోసినవాళ్ల పేర్లు, పడవలు నడిపినవాళ్ల పేర్లు ఎక్కడున్నాయి?” ఎవరమూ మాట్లాడలేదు. మా తొమ్మిది మందిలో నేత పని ఇంటివాడున్నాడు, చేపల వేట ఇంటివాడున్నాడు, మిగిలినవాళ్లం కూలి చేసుకునే ఇళ్లవాళ్లం. బందరు చరిత్రలో మన ముత్తాతల వాటా ఎంతో మాకు ఆ సమాధుల మధ్య నిలబడితే తెలిసింది. రాతి మీద రాయకపోయినా వారి పనితనం లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో కోరమాండల్ అద్దకాల రూపంలో ఇప్పటికీ ఉంది.

బందరు కోట

సముద్రం వైపున బందరు కోట శిథిలాలున్నాయి. 1750లో ఈ ఊరు ఫ్రెంచివారి చేతికి పోయింది. 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డ్ నాయకత్వంలో ఇంగ్లీషు సైన్యం రాత్రివేళ కోట మీద పడి పట్టుకుంది. కోస్తా జిల్లాల్లో ఫ్రెంచివారి పెత్తనం దానితో ముగిసింది. రెండు పరదేశాలు మన నేల మీద, మన రేవు కోసం కొట్టుకున్న చోటు అది.

ఆ కోట దగ్గర మరొక సంగతి గుర్తుచేసుకోవాలి. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుఫానుకు సముద్రం ఊరి మీదికి వచ్చింది. దాదాపు 30,000 మంది చనిపోయారు. దివిసీమ నుంచి వచ్చిన మా మిత్రులకు ఈ మాట వేరుగా చెప్పనవసరం లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన వారి ఇళ్లలో ఇంకా కథ కాలేదు. సుమారు 10,000 మందిని మింగిన ఆ రాత్రి గురించి సొర్లగొంది, పాలకాయతిప్ప వైపు ఇళ్లలో తాతలు, మామ్మలు ఇప్పటికీ చెబుతారు. ఈ తీరంలో సముద్రమే అన్నం పెట్టింది, సముద్రమే ఊళ్లను తీసుకుపోయింది.

జాతీయ కళాశాల, బ్యాంకు, పత్రిక

ఊరు పడిపోయాక ఊరుకోలేదు. వర్తకం పోయినా చదువులో, స్వాతంత్ర్య పోరాటంలో బందరు ముందు వరుసలో నిలిచింది. 1902లో ఇక్కడే కృష్ణా పత్రిక మొదలైంది. ముట్నూరి కృష్ణారావు గారి సంపాదకత్వంలో అది తెలుగు దేశమంతా చదివిన పత్రిక అయింది. 1910లో కోపల్లె హనుమంతరావు గారు, మిత్రులతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. చదువుతో పాటు చేతిపనులు కూడా నేర్పాలన్నది దాని ఆశయం. జాతీయ పతాకానికి రూపమిచ్చిన పింగళి వెంకయ్య గారు ఇక్కడ అధ్యాపకులుగా పనిచేశారు. ఆయన పుట్టింది మన కృష్ణా జిల్లాలోని భట్లపెనుమర్రులోనే. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో ఈ ఊళ్లోనే ఆంధ్రా బ్యాంకు పెట్టారు. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

ఇవన్నీ చూసే సరికి మధ్యాహ్నం దాటుతుంది. చెట్టు నీడ చూసుకుని పులిహోర పొట్లాలు విప్పండి. తిన్నాక ఆకులు, కాగితాలు చెత్తకుండీలో వేయండి. తలా ఒక బందరు లడ్డూ కొనుక్కోవచ్చు. శనగపిండితో సన్నపూస వండి, దాన్ని మళ్లీ దంచి, బెల్లం పాకం, నెయ్యి పోసి చేస్తారు. దంచే పని ఎక్కువ కనుకనే నోట్లో పెట్టుకోగానే కరుగుతుంది. కలంకారీకి, ఈ లడ్డూకు రెండింటికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మంగినపూడి

సాయంత్రానికి పదకొండు కిలోమీటర్ల దూరంలోని మంగినపూడికి బస్సులో వెళ్లాలి. దారిలో చిలకలపూడి వస్తుంది. రోల్డ్‌గోల్డ్ నగలకు పేరు పొందిన చోటు. 1929లో భక్త నరసింహం గారు కట్టించిన పాండురంగని గుడి కూడా అక్కడే ఉంది. వీలుంటే దిగి చూడవచ్చు.

మంగినపూడి తీరంలో నేల నల్లగా, మెత్తగా ఉంటుంది. నీళ్లలోకి చాలా దూరం నడిచినా మోకాలు దాటదు. మూడో ప్రశ్నకు జవాబు మీ కాళ్ల కిందే ఉంది. కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రు ఇక్కడి సముద్రాన్ని లోతు లేకుండా చేసింది. పెద్ద ఓడలు దూరాన లంగరు వేసుకుంటే, సరుకును చిన్న పడవల మీద చేరవేయవలసి వచ్చేది. ఓడలు పెద్దవయ్యేకొద్దీ ఆ ఇబ్బంది పెరిగింది.

అదొక్కటే కారణం కాదు. 1687లో గోల్కొండ పతనమైంది. అప్పటికే ఇంగ్లీషువారు మద్రాసును తమ కేంద్రంగా చేసుకున్నారు. మన అద్దకం బట్టల మోజు చూసి తమ నేతగాళ్ల పని పోతుందని ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో, మళ్లీ 1721లో వాటిని అడ్డుకునే చట్టాలు చేశాయి. తరువాత మిల్లుబట్ట వచ్చి మన మగ్గాన్ని దెబ్బతీసింది. ఆ పైన 1864 తుఫాను. 1933లో విశాఖపట్నం రేవు తెరిచాక పెద్ద ఓడలకు బందరుతో పని లేకపోయింది. ఇప్పుడు గిలకలదిండి హార్బరులో చేపల బోట్లున్నాయి. కొత్త ఓడరేవు పనులు 2023 మేలో మొదలయ్యాయి.

నీళ్లలో జాగ్రత్తగా ఉండాలి. లోతు లేదు కదా అని ముందుకు పోవద్దు. 2004 డిసెంబరు 26న సునామీ ఈ తీరంలోనూ ప్రాణాలు తీసింది. చీకటి పడక ముందే తిరుగు బస్సు ఎక్కాలి.

లెక్క

గుడివాడ నుంచి పెడనకు, పెడన నుంచి బందరుకు, తిరిగి గుడివాడకు రైలు 30 రూపాయలు. ఉదయం టిఫిన్ 5. మంగినపూడి బస్సు రానూపోనూ, ఒక టీ, ఒక లడ్డూ కలిపి 65. మొత్తం మనిషికి వంద. ఆడపిల్లలకు బస్సు ఖర్చు లేదు కనుక ఇంకా మిగులుతుంది. అవనిగడ్డ, మోపిదేవి వైపు మిత్రులు చల్లపల్లి మీదుగా బస్సులో బందరు రావచ్చు. వారికి ఘంటసాల కూడా దగ్గరే. అక్కడి బౌద్ధ స్తూపాన్ని మరో రోజు పెట్టుకుంటే బాగుంటుంది.

తిరిగి వచ్చాక చేయవలసిన పని ఒకటుంది. ఎవరి ప్రశ్నకు దొరికిన జవాబును వారు ఒక పేజీ రాసి, హాస్టల్ గోడపత్రికకు అంటించాలి. మా పేజీలు చూసి ఏడో తరగతి తమ్ముడొకడు “అన్నా, హిండెలోపెన్‌కు ఎప్పుడు వెళదాం?” అని అడిగాడు. తప్పకుండా వెళ్లాలిరా అన్నాం. ఈలోగా వాడు పెడనలో అచ్చు పట్టుకుని చూడాలి, వలందపాలెం పేరుకు అర్థం తెలుసుకోవాలి, సమాధి రాళ్ల మీద అంకెలు చదవాలి. రేపు ఎప్పుడైనా ఆ మ్యూజియంలో అద్దాల బీరువా ముందు నిలబడితే, పక్కవారికి ఆ ఎరుపు ఎలా పట్టిందో వాడే విడమరిచి చెప్పగలగాలి.